లెన్సులో మిగిలిన నీళ్ళు

"ఇందులో నీళ్ళున్నాయి" అంది కుసుమ.

సలోమి కళ్ళు తుడుచుకుని తలెత్తింది. తాడేపల్లిగూడెంలో సలోమి వాళ్ళ ఫోటో స్టూడియో అది. పెళ్ళిజంటల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసే బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కుసుమ చేతిలో నల్లటి, బరువైన లెన్సు ఒకటి ఉంది. దాన్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి మెల్లగా వంచింది. లోపల అద్దాల మధ్య చిన్న బుడగ ఒకటి ఇటునుంచి అటు జారింది.

"ఉండవా అండీ మరి? మనిషే నీళ్ళలో పోయాడు" అంది సలోమి.

"మనిషి పోయాడమ్మా. కెమెరా పోలేదు కదా. సామాన్లు అప్పగించినప్పుడు పోలీసులు ఏం చెప్పారు నీకు?"

"కొల్లేట్లో దోనె మీద కూర్చుని పక్షుల ఫోటోలు తీస్తున్నాడంట. కెమెరా పక్కన పెట్టి, గెడ అందుకోబోయి జారిపడ్డాడంట. కెమెరా దోనెలో చెక్క మీద పొడిగానే ఉందన్నారు."

"వాన పడిందా ఆ రోజు?"

"లేదండీ. ఆ వారమంతా ఎండే."

కుసుమ పదిహేనేళ్ళు పోలీసు శాఖలో, క్లూస్ టీములో పనిచేసిన మనిషి. పైవాళ్ళకి నచ్చిన నివేదిక రాయనన్నందుకు ఆమెని మూలన కూర్చోబెడితే, ఉద్యోగం వదిలేసి ఏలూరు పవర్‌పేటలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. సలోమి భర్త రూబెన్ చనిపోయి రెండు వారాలైంది. పోలీసులు ప్రమాదమని తేల్చి కేసు మూసేశారు. సలోమికి ఆ మాట గొంతు దిగలేదు. ఏలూరు వెళ్ళి కుసుమ గుమ్మం ఎక్కింది.

"రూబెన్ ఎప్పుడైనా పక్షుల ఫోటోలు తీశాడా?"

సలోమి నవ్వబోయి ఆగిపోయింది. "దీంతోనా? ఇది పక్షులకి పనికిరాదండీ. కంటికి ఎంత కనిపిస్తే అంతే చూపిస్తుంది. స్టాండర్డ్ ప్రైమ్ అంటారు. జూమ్ ఉండదు. మనిషి బాగా పడాలంటే మనం మనిషి దగ్గరికి నడిచి వెళ్ళాల్సిందే. దీంతో కొంగని తీస్తే నీళ్ళ మీద తెల్లటి చుక్క పడుద్ది. అయినా ఆయనకి ఇదంటేనే ప్రాణం. 'దగ్గరికి వెళ్ళే ధైర్యం లేనోడికి ఫోటో ఎందుకే' అనేవాడు."

గోడ నిండా రూబెన్ తీసిన ముఖాలు ఉన్నాయి. రెండేళ్ళుగా అతను కొల్లేటి లంకలన్నీ తిరిగాడు. మామూలు కెమెరాలకంటే పెద్ద సెన్సరు ఉన్న మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా, ఈ ఒక్క లెన్సు, ఇవే అతని సామాను. వలలు భుజాన వేసుకున్న ముసలివాళ్ళు, మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళు. ఆ ముఖాల మీది ప్రతి ముడతా లెక్కపెట్టుకోవచ్చు.

కుసుమ లెన్సుని భూతద్దం కింద పెట్టింది. దూరం సరిచేసే ఉంగరానికీ గొట్టానికీ మధ్య సన్నటి తెల్లపొర ఎండి అతుక్కుని ఉంది. ఎక్కడా చిట్లలేదు. అంటే తడిసిన తర్వాత ఆ ఉంగరాన్ని ఎవరూ తిప్పలేదు. గుర్తు ఒకటిన్నర మీటరు దగ్గర ఆగి ఉంది.

రూబెన్ చివరిగా తీసింది ఆకాశాన్నీ కాదు, నీళ్ళ మీది కొంగనీ కాదు. చెయ్యి చాస్తే దాదాపు అందేంత దగ్గరున్న దేన్నో.

కెమెరా తిప్పి చూసింది. మెమరీ కార్డు పెట్టే తలుపు బిగుతుగా మూసి ఉంది. లోపల కార్డు లేదు.

"కార్డు నీళ్ళలో పడిపోయిందన్నారండీ."

"తలుపు తీసుకుని పడిపోయి, మళ్ళీ తలుపు వేసుకుందా?" కుసుమ కెమెరా కింద పెట్టింది. "సలోమీ, ఒక్క మాట. ఒంటి మీద ఏవైనా దెబ్బలు చూశావా?"

సలోమి తన అరచెయ్యి తెరిచి చూపించింది. "స్నానం చేయించేటప్పుడు చూశానండీ. కుడి అరచేతిలో గురిగింజంత నల్లమచ్చ. కాలినట్టు ఉంది. దోనె తాడు ఒరుసుకుందన్నారు."

అప్పుడే నెల్సన్ టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. రూబెన్‌కి చిన్ననాటి నేస్తం. స్టూడియోలో సగం వాటా అతనిదే. సలోమి అతన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. సమాధి కార్యక్రమం దగ్గర్నుంచి అన్ని పనులూ తనే నెత్తిన వేసుకున్నాడని కుసుమతో అంతకుముందే చెప్పింది.

"మీరెక్కడికి వెళ్ళాలన్నా నా కారుందండీ" అన్నాడు అతను. "రూబెన్ కోసం ఈ మాత్రం చెయ్యలేనా?"

* * *

ఉండిలో రొయ్యల రైతుల కోసం నడిచే నీటి పరీక్షల ల్యాబ్ ఒకటి ఉంది. నెల్సన్‌ని కారులోనే ఉండమని కుసుమ ఒక్కతే లోపలికి వెళ్ళింది. పని మధ్యలో ఎవరికీ ఏమీ చెప్పకపోవడం ఆమెకు మొదటినుంచీ ఉన్న అలవాటు.

ల్యాబ్ నడిపే గాయత్రి లెన్సుని చూసి తెల్లబోయింది. "చెరువు నీళ్ళు సీసాల్లో తెస్తారు మేడం. ఇదేంటండీ?"

"సీసా అనుకో. సగం నీళ్ళు పరీక్ష చెయ్యి. సగం చిన్న సీసాలో పోసి సీలు వెయ్యి, నా సంతకం పెడతాను."

కుసుమ వెనకవైపు బిళ్ళ ఊడదీసింది. గాయత్రి సన్నటి సిరంజితో నీళ్ళు లాగి, ఉప్పు కొలిచే పరికరం మీద రెండు చుక్కలు వేసి కిటికీ వైపు తిరిగి చూసింది. మిగిలిన చుక్కల్లో ఏదో మందు కలిపింది.

"ఉప్పు వెయ్యికి ఆరు పాళ్ళుందండీ. రొయ్యకి సరిగ్గా సరిపోద్ది. మినరల్స్ కూడా బాగానే కొట్టారు. ఎవరి చెరువండీ?"

"కొల్లేటి నీళ్ళు కావా?"

"ఇప్పుడా? వరద దిగే రోజులు కదండీ. కొల్లేటి నీళ్ళు ఇప్పుడు చప్పగా ఉంటాయి. ఇవి ముమ్మాటికీ రొయ్యల చెరువులోవే."

"మొన్న కొల్లేట్లో చనిపోయిన ఫోటోగ్రాఫర్ దోనె దొరికింది పందిరిలంక దగ్గర. అటువైపు రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయి?"

గాయత్రి గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అక్కడందరివీ చేపల చెరువులేనండీ. ఉప్పునీటి బోరు వేసుకున్నది జగ్గారావు గారొక్కరే. నేను చెప్పానని మాత్రం అనకండి మేడం. ఆయన మాకు ఖాతాదారు."

కుసుమ వచ్చి కారెక్కింది. "పందిరిలంక పోనివ్వండి" అంది.

నెల్సన్ తాళం తిప్పబోయి ఆగాడు. "ఆ వైపు దారి నాకు పెద్దగా తెలీదండీ."

"అడుగుతూ పోదాం."

ఆకివీడు దాటాక తారురోడ్డు పోయి మట్టిగట్లు వచ్చాయి. ఎటు చూసినా చెరువులే. గట్లు చీలిన ప్రతిచోటా ఆపి ఎవర్నైనా అడుగుతాడనుకుంది కుసుమ. అతను ఎక్కడా ఆపలేదు. ఆమె మనసు అప్పుడు అరచేతిలో నల్లమచ్చ మీద ఉంది. అందుకే ఆ సంగతి పట్టించుకోలేదు.

* * *

కారు మోటారు షెడ్డుకి ఎదురుగా ఆగింది. మడమ బెణికిందని, గట్టు మీద నడవలేనని చెప్పి నెల్సన్ దిగలేదు.

జగ్గారావు తెల్లపంచె, తెల్లచొక్కాతో ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. మాట వెన్నపూస. "రండమ్మా, రండి. ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుతారా? ఒరే తోమా, కుర్చీ పట్రా."

వాచ్‌మన్ తోమా కుర్చీ తెచ్చి వేశాడు. యాభై ఏళ్ళుంటాయి. చూపు నేల మీదినుంచి లేవడం లేదు.

"కూర్చోనండీ" అంది కుసుమ. "రూబెన్ అని ఫోటోగ్రాఫర్, రెండు వారాల కిందట ఇక్కడికి దగ్గర్లో శవమై దొరికాడు. మీ చెరువు దగ్గరికి వచ్చాడా?"

"ఫోటోలాయనా? పాపం, పేపర్లో చూశానమ్మా. మా వైపు రాలేదండి."

"నువ్వు చూశావా తోమా?"

"ఫోటోలాయనా? పాపం, మా వైపు రాలేదండి."

ఇద్దరి నోటా అదే మాట, అదే వరస. ఒకరు నేర్పారు, ఒకరు నేర్చుకున్నారు. కుసుమ తోమా ముఖంలోకి చూసింది. అతను కుర్చీ కోడుకి అంటిన బురదని గోటితో గీకుతున్నాడు.

"నువ్వు ప్రార్థనకి ఏ చర్చికి వెళ్తావు?"

ఆ ప్రశ్నకి జవాబు ఎవరూ నేర్పలేదు కాబోలు, తోమా గీకడం ఆపాడు. "రెండు వారాలైందండి వెళ్ళి."

"ఎందుకూ?"

"వాడికి ఒంట్లో బాగోలేదమ్మా" అని జగ్గారావు అందుకున్నాడు.

కుసుమ గట్టు మీద నడక మొదలుపెట్టింది. చెరువులో వరసగా, నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళని చిలుకుతున్నాయి. అన్నిటికీ వెళ్ళే కేబుళ్ళు ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగాయి. మూల దగ్గరున్న చక్రానికి మాత్రం గట్టు నుంచి సగం దూరం వరకూ కొత్త కేబులు, నల్లగా నిగనిగలాడుతోంది. మిగతా సగం పాతదే. ఆ చక్రానికీ గట్టుకీ మధ్య, నీళ్ళలోంచి మోకాలెత్తున ఏదో నిలబడి ఉంది. దాని మీద గోనెసంచి కప్పి తాడుతో కట్టేశారు.

"అదేంటండీ?"

"పాత గుంజమ్మా. వల చిరుగుద్దని గోనె కట్టాం."

"ఒకసారి కరెంటు కట్టెయ్యండి. దిగి చూస్తాను."

జగ్గారావు గొంతులో వెన్న కొంచెం కరిగింది. "చక్రాలు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయమ్మా."

"తెల్లవారుజామున నీళ్ళలో గాలి తక్కువ, అప్పుడు ఆగితే చచ్చిపోతాయి. ఇంత ఎండలో కాసేపు ఆగితే ఏమీ కాదు. అది మీకు నాకంటే బాగా తెలుసు."

అంతలో గట్టు చివర జీపు ఒకటి బురదలో దిగబడి గుర్రుమంది. డ్రైవర్ దాంతో కుస్తీ పడుతుంటే, లోపల్నుంచి సీఐ వీరేంద్ర దిగి బూట్ల బురద విదిలించుకుంటూ వచ్చాడు. కుసుమా అతనూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. ఆమె రాయనన్న నివేదిక మీద అప్పట్లో సంతకం పెట్టింది అతనే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మర్యాద పెరిగింది, మాట తగ్గింది.

"నమస్కారం కుసుమ గారూ. మూసేసిన కేసుని తవ్వుతున్నారని జగ్గారావు గారు గంట కిందటే ఫోన్ చేశారు. ఎవరి అనుమతితోనండీ?"

"భార్య అడిగింది. ఆవిడకంటే పెద్ద అనుమతి ఎవరిస్తారు వీరేంద్ర గారూ?"

"కన్నీళ్ళు చూసి కేసులు తెరిస్తే జిల్లాలో ఒక్క స్టేషనూ నడవదు."

"కన్నీళ్ళు కాదు. ఈ నీళ్ళు చూసి వచ్చాను." కుసుమ సీలు వేసిన చిన్న సీసా తీసి చూపించింది. "మీరు పొడిగా ఉందన్న కెమెరా లెన్సులో దొరికాయి. రొయ్యల చెరువు నీళ్ళు. ఈ చుట్టుపక్కల ఉప్పునీటి చెరువు ఇదొక్కటే. రూబెన్ అరచేతిలో కాలిన మచ్చ ఉంది. ఇదిగో, ఇక్కడ ఈమధ్యే మార్చిన కేబులుంది. మీరు మచ్చ చూశారు, తాడు ఒరుసుకుందని రాశారు. రూబెన్ కొల్లేట్లో చనిపోలేదు. ఇక్కడ, కరెంటు కొట్టి చనిపోయాడు."

వీరేంద్ర ఓపిగ్గా విన్నాడు. చివరికి నవ్వాడు.

"అయిపోయిందా? పోస్ట్‌మార్టం రిపోర్టు మీరు చదవలేదు, నేను చదివాను. అతను కరెంటుకి పోలేదు. నీళ్ళు మింగి, ఊపిరాడక పోయాడు. ఊపిరితిత్తుల్లో ఏముందో తెలుసా? నాచు, గుర్రపుడెక్క వేరు ముక్కలు. ఈ చెరువులో గుర్రపుడెక్క ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే కేసు తెరుస్తాను."

కుసుమ చెరువు వైపు చూసింది. తోమిన పళ్ళెంలా ఉంది. ఆకు కూడా లేదు. గుర్రపుడెక్క అంతా అవతల, కొల్లేట్లో ఉంది.

జగ్గారావు పంచె సర్దుకుని మజ్జిగ మాట మళ్ళీ ఎత్తాడు. అంతా అయిపోయిందనే అనుకున్నాడు వీరేంద్ర కూడా. కుసుమ చేతిలో సీసా వైపు చూసింది. సలోమికి ఏం చెప్పాలి? పొరపాటు పడ్డానమ్మా, నీ భర్త దోనె మీదినుంచే జారిపడ్డాడు అని చెప్పాలా? కానీ సీసాలో నీళ్ళు అబద్ధం కాదు. డాక్టరు రాసిందీ అబద్ధం కాదు. రెండింటిలో ఏది తప్పని వెతుకుతుంటే ఒక్కసారిగా ఆమెకు అర్థమైంది.

ఏదీ తప్పు కాదు.

"వీరేంద్ర గారూ" అంది మెల్లగా. "లెన్సు మునిగింది ఈ నీళ్ళలో. మనిషి ఊపిరి ఆగింది ఆ నీళ్ళలో. ఇక్కడ షాక్ కొట్టి పడిపోయిన వాణ్ణి అక్కడికి మోసుకెళ్ళి పడేశారు. కొల్లేటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్ళాయి? చచ్చినవాడు నీళ్ళు పీల్చడు. కొల్లేట్లో పడేసేటప్పటికి రూబెన్ బతికే ఉన్నాడు."

"చచ్చిపోయాడన్నారే!" అన్నాడు జగ్గారావు.

అన్న మాట వెనక్కి రాదని తెలిసినవాడిలా జగ్గారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అరవై ఏళ్ళ ముఖం ఒక్క క్షణంలో పాలిపోయింది.

వీరేంద్ర టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని గొంతు మారింది. "ఎవరన్నారు జగ్గారావు గారూ?"

జగ్గారావు తల అడ్డంగా ఊపాడు. "నా లాయర్ రావాలండి."

"తోమా" అన్నాడు వీరేంద్ర. "వెళ్ళి కరెంటు కట్టెయ్."

* * *

చక్రాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. తోమా షెడ్డు నుంచి తిరిగి వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. కుసుమ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. తాడు విప్పి గోనెసంచి లాగేసింది.

అది గుంజ కాదు. రాయి. దాని నెత్తిన చెక్కిన అంకె, కింద అటవీశాఖ గుర్తు. అభయారణ్యం సరిహద్దు రాయి. రాయికి అవతల కొల్లేరు ఉండాలి. కానీ ఈ చెరువు రాయిని దాటి ఇంకా ఎంతో దూరం, అభయారణ్యంలోకి పోయింది.

"రూబెన్ వచ్చింది దీని కోసం" అంది. "జూమ్ ఉన్న లెన్సైతే గట్టు మీదినుంచే తీసుకుని పోయేవాడు. అతని దగ్గర అది లేదు. అంకె స్పష్టంగా పడాలంటే దిగి దగ్గరికి రావాలి. ఒకటిన్నర మీటరు." రాయికి ఎదురుగా అంత దూరం వెనక్కి జరిగింది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. మోచెయ్యి వెనక దేనికో తగిలింది. చక్రాన్ని పట్టి ఉంచే ఇనప కమ్మీ. "సరిగ్గా ఇక్కడ నిలబడ్డాడు."

వీరేంద్ర గట్టు అంచుదాకా వచ్చాడు. పొరపాటు ఒప్పుకోవడం అతనికి కష్టంగానే ఉంది. "నన్ను మాత్రం ఏం చెయ్యమంటారండీ? రాయి సంగతి ఎవరూ చెప్పలేదు. పక్షుల కోసం వెళ్తున్నానని రూబెన్ తనతో చెప్పాడని పార్ట్‌నరే స్టేట్‌మెంట్ ఇచ్చాడు."

కుసుమ తిరిగి చూసింది. "ఎవరు?"

"స్టూడియో పార్ట్‌నర్. నెల్సన్."

ఆ లెన్సుతో కొంగని తీస్తే తెల్లచుక్క పడుతుందని సలోమికి కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి ఫోటోలు తీసినవాడికి తెలియదా? దారి తెలీదన్న మనిషి ఏ మలుపులోనూ ఆగి అడగలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

"తోమా" అంది. "ఇటు చూడు. ఆ రోజు ఇక్కడ ఎవరున్నారు?"

తోమా ఏడుస్తున్నాడు. జగ్గారావు "ఒరే" అన్నాడు. వీరేంద్ర అతని వైపు ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత జగ్గారావు మాట్లాడలేదు.

"అయ్యగారు లేరండి. నెల్సన్ గారే ముందు రోజు వచ్చి రాయి మీద గోనె కట్టమన్నాడు, ఫోటోలాయన వస్తాడని. తెల్లారేటప్పటికి తనూ వచ్చి కూర్చున్నాడు. ఫోటోలాయన వచ్చి ఈయన్ని చూసి 'నువ్విక్కడేంట్రా' అని నిలబడిపోయాడండి. మాటామాటా అనుకున్నారు. 'డబ్బులకి నా ఫోటోల సంగతి వీళ్ళకి మోస్తుంది నువ్వా' అన్నాడాయన. గోనె లాగేసి దిగాడు. ఫోటో తీశాడు. తిరిగేటప్పుడు కాలు జారి ఆ కమ్మీ పట్టుకున్నాడండి. పరిగెత్తి కరెంటు కట్టేశాను. పైకి లాగాం. చెయ్యి పట్టి చూసి పోయాడన్నాడు నెల్సన్ గారు. కెమెరా తుడిచి, అందులో కార్డు తీసేసుకున్నాడు. అయ్యగారికి ఫోన్ చేసిందీ ఆయనే. కొల్లేట్లో వదిలెయ్యమన్నారు అయ్యగారు."

"తర్వాత?"

"ఆయన వచ్చిన దోనెలోనే వేసి, మా దోనె వెనక కట్టుకుని తీసుకెళ్ళామండి. గుర్రపుడెక్క దగ్గరికి వెళ్ళాక..." తోమా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఛాతీ ఎగిరిందండి. నేను చూశాను. 'బతికే ఉన్నాడండి, ఆస్పత్రికి తీసుకెళ్దాం' అన్నాను. 'నీ మొహం, దోనె ఊగుతుంది' అన్నాడు నెల్సన్ గారు. అని తనే తోసేశాడండి."

వీరేంద్ర ఏదో అడగబోయాడు. అంతలో చెరువు అవతలి చివర చక్రం ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి.

కుసుమకి ముందు పిక్కల మీద చీమలు పాకినట్టు అనిపించింది. ఒక్క అడుగు వెయ్యబోయింది. కాళ్ళు ఆమె మాట వినలేదు. తొడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఒళ్ళు వెనక్కి, కమ్మీ వైపుకి తూలుతోంది. పట్టుకోవడానికి అక్కడ ఉన్నది అదొక్కటే. పట్టుకోకూడదు అని మాత్రం తెలుస్తోంది.

వీరేంద్ర నీళ్ళలోకి ఉరకబోయాడు. తోమా అతని నడుం పట్టి వెనక్కి లాగాడు. "దిగకండి బాబూ! మీరూ పోతారు!" గట్టు మీది ఎండు వెదురు గెడ తీసి ఆమె చంక కిందికి దూర్చాడు. "పట్టుకోండమ్మా! గెడ పట్టుకోండి!" కుసుమ వేళ్ళు ముడుచుకోలేదు. మోచేతులు రెండూ గెడ మీద వేసి వాలింది. ఇద్దరూ కలిసి లాగారు. బురదలో ఈడ్చుకుంటూ వచ్చి ఆమె గట్టు మీద బోర్లా పడింది.

వీరేంద్ర అప్పటికే షెడ్డు వైపు పరిగెడుతున్నాడు. అతను చేరేసరికి షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది, స్విచ్ పైకి ఎత్తి ఉంది. లోపల ఎవరూ లేరు. ఎదురుగా కారు ఆగిన చోట చక్రాల గుర్తులు తప్ప ఏమీ లేవు. బెణికిన మడమ ఎంత బాగా నడిచిందో అని ఆ స్థితిలోనూ కుసుమకి అనిపించింది.

జీపు ఇంకా బురదలోనే ఉంది. వీరేంద్ర దారిలో ఉన్న స్టేషన్లన్నిటికీ కారు నంబరు చెబుతూ తిరిగి వచ్చాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆస్పత్రికి..."

"సలోమి" అంది కుసుమ. నాలుక తిరగడం లేదు. "ముందు సలోమికి ఫోన్ చెయ్యండి."

ఆమె వేళ్ళు పనిచెయ్యవని చూసి అతనే నంబరు నొక్కి, ఫోను చెవికి ఆనించి పట్టుకున్నాడు. రెండు రింగులకే సలోమి ఎత్తింది.

"మేడం! మీకెలా ఉందండీ? నెల్సన్ అన్నయ్య ఇప్పుడే చేశాడు. మీరు చెరువులో పడ్డారంట, ఆస్పత్రిలో చేర్చారంట. నన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నాడండీ. స్టూడియో మూసేసి, రూబెన్ ఫోటోలున్న డిస్కులన్నీ సంచిలో పెట్టుకుని వెనక సందులో నిలబడమన్నాడు. అవి పోలీసులు అడుగుతున్నారంట."

"ఎవరితోనైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పొద్దన్నాడండీ."

కుసుమ కళ్ళు మూసుకుంది. వీరేంద్ర రెండో ఫోనులో తాడేపల్లిగూడెం స్టేషన్‌తో మాట్లాడుతున్నాడు. మనుషుల్ని పంపమని అరుస్తున్నాడు.

"సలోమీ, సందులోకి వెళ్ళకు. లోపలే ఉండు. షట్టరు దించి గడియ పెట్టుకో. పోలీసులు వచ్చి నా పేరు చెప్పేదాకా తియ్యకు. ఎవరు పిలిచినా సరే."

"ఎందుకండీ? వచ్చేది అన్నయ్యే కదా?"

ఆ ప్రశ్న అడిగిన గొంతులో అనుమానం లేదు. రెండు వారాలుగా ఆ ఇంటి గుమ్మం దిగకుండా అన్నీ చూసుకున్న మనిషి మీద నమ్మకం మాత్రమే ఉంది. చనిపోయిన వార్త చెప్పడం కుసుమకి కొత్త కాదు. ఉద్యోగంలో ఎన్నోసార్లు చెప్పింది. కానీ అతను చనిపోకుండా ఉండేవాడన్న వార్త ఎలా చెప్పాలో ఆమెకు తెలీలేదు.

"ముందు షట్టరు దించమ్మా" అంది. "తర్వాత చెబుతాను. రూబెన్ దోనె మీదినుంచి జారిపడలేదు."

అవతల అడుగుల చప్పుడు. ఇనప షట్టరు గరగరలాడుతూ కిందికి దిగిన చప్పుడు. గడియ పడింది.

"వేశానండీ" అంది సలోమి. గొంతు మారిపోయింది. "ఇప్పుడు చెప్పండి."